ఆసు పోసిన చేతులు: ‘మల్లేశం’లో పని, అవకాశం

ఒక్కచోట నిలవకుండా అటూ ఇటూ తిరిగే మనిషిని ‘ఆసులో కండెలా తిరుగుతున్నాడు’ అంటాం. మగ్గం మొహం చూడనివాళ్ళ నోట కూడా ఈ మాట వస్తుంది. అందులో కండె ఉంది, తిరగడం ఉంది. తిప్పే చెయ్యి మాత్రం లేదు. భాష కూడా ఆ చేతిని లెక్కలోకి తీసుకోలేదు. 2019 జూన్‌లో వచ్చిన ‘మల్లేశం’ చేసిన మొదటి మంచి పని ఆ చేతిని తెర మీదకి తీసుకురావడం.

రాజ్ రాచకొండ తీసిన ఈ సినిమా చింతకింది మల్లేశం జీవితకథ. యాదాద్రి భువనగిరి ప్రాంతంలో, పోచంపల్లి చీరలు నేసే కుటుంబంలో పుట్టి, చదువు మధ్యలోనే ఆగిపోయి, ఆసు పోసే యంత్రాన్ని తయారుచేసినవాడు మల్లేశం. 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలో ఆయనగా ప్రియదర్శి, తల్లి లక్ష్మిగా ఝాన్సీ, భార్య పద్మగా అనన్య నాగళ్ళ నటించారు. పెద్దింటి అశోక్‌కుమార్ మాటలు రాశారు. తెలంగాణ భాషని నవ్వు కోసమో రౌడీ కోసమో వాడకుండా, అమ్మ కొడుకుతో మాట్లాడే భాషగా వాడటం ఈ సినిమాకి దక్కిన బలం. ఝాన్సీ నొప్పిని అరిచి చూపించదు. నొప్పి అలవాటైపోయినవాళ్ళు ఎలా కూచుంటారో అలా కూచుంటుంది.

ఆసు అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పోచంపల్లి చీర మీద కనిపించే పూలు, ఏనుగులు, గళ్ళు నేసిన తరవాత అద్దినవి కావు. నేతకి ముందే నూలుకి ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఏ పోగు ఎక్కడ ఏ రంగులో ఉండాలో లెక్క తేల్చి పెడతారు. అలా ముడి వెయ్యాలంటే పోగులన్నీ ముందు ఒక వరసలోకి రావాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో పేర్చిన మేకుల వరస. నూలుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, ఒక్కో మేకు చుట్టూ తిప్పుతూ పోవాలి. అదీ ఆసు పోయడం. ఒక చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకి రెండు చీరలకి పోస్తే 18,000 సార్లు. ఈ పని చేసేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళే.

సినిమా కథ మూడు వాక్యాల్లో చెప్పొచ్చు. అమ్మ భుజం నొప్పి చూసి తట్టుకోలేని పిల్లవాడు ఆ చేతికి బదులు యంత్రం పనిచేస్తే బాగుండుననుకుంటాడు. పెద్దవాడై ఏళ్ళ తరబడి డబ్బూ పరువూ పోగొట్టుకుంటూ ప్రయత్నిస్తాడు, ఊరు నవ్వుతుంది, అప్పులు మెడకి చుట్టుకుంటాయి, భార్య నమ్ముతుంది. చివరికి యంత్రం తిరుగుతుంది.

పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చు అనే నీతితో ఈ కథని ముగించెయ్యడం చాలా తేలిక. సినిమా కూడా చివరికి అక్కడికే చేరుతుంది. నేను ఈ సినిమా మూడుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ, సినిమా చెప్తున్న నీతి ఒకటి, చూపిస్తున్న బతుకు ఇంకొకటి అనిపించింది. ఆ తేడా ఎక్కడుందో తెలుసుకోడానికి సమాజశాస్త్రం వాడే రెండు మామూలు మాటలు పనికొస్తాయి. ఒకటి పని. రెండోది అవకాశం.

ముందు పని సంగతి.

మా ఊళ్ళో బీడీలు చుట్టే ఒకామెని ‘ఏం పని చేస్తవక్కా?’ అని అడిగితే, ‘నాకేం పని, ఇంట్లనే ఉంట’ అంది. ఒళ్ళో చేట ఉంది. చేటలో తంబాకు, కత్తిరించిన ఆకులు, దారం ఉన్నాయి. జవాబు చెప్తున్నంతసేపూ వేళ్ళు ఆగలేదు. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. పని అంటే గడప దాటి వెళ్ళి చేసేది అనీ, ఇంట్లో కూచుని చేసేది ఎంత చేసినా పనికాదనీ ఆమెకి చిన్నప్పటినుంచీ అందరూ నేర్పిన అర్థంలోనే మాట్లాడింది.

ఈ అర్థం ఎలా తయారవుతుందో జర్మన్ సమాజశాస్త్రవేత్త మారియా మీస్ మన నరసాపురంలోనే కూచుని గమనించింది. పశ్చిమ గోదావరిలో లేసు అల్లే ఆడవాళ్ళ మీద ఆమె రాసిన పుస్తకం 1982లో వచ్చింది. మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అప్పటికే విదేశాలకి ఎగుమతయ్యే సరుకైంది. వ్యాపారమంతా మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. అల్లేవాళ్ళు మాత్రం గంటలకి గంటలు అల్లుతూ కూడా గృహిణులుగానే లెక్కకొచ్చారు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు అన్నట్టు. పని చేసే మనిషిని గృహిణి అని పిలిచి, ఆ పేరుతోనే ఆమె పనికి ధర తగ్గించే ఈ పద్ధతిని మీస్ ‘గృహిణీకరణ’ అంది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. పొలం కూలికి పోకుండా ఇంటిపట్టున ఉండటం ఆ కుటుంబాలకి పరువు. ఆ పరువు కోసం లేసు అల్లే ఆడవాళ్ళు తక్కువ డబ్బుకే ఒప్పుకునేవారు. కష్టానికి దక్కాల్సిన డబ్బులో కొంత పరువు రూపంలో చెల్లిందన్నమాట.

ఇంత ఉపయోగపడే ఒక భావన తెలుగు నేలమీదే పుట్టింది. దాన్ని మనం మన సినిమాలకి వాడి చూసింది తక్కువ. ‘మల్లేశం’కి అది సరిగ్గా అతుకుతుంది. చేనేత ఇంట్లో మగ్గం మీద కూచునేవాడికి ఒక పేరుంది, నేతగాడు. కులానికీ వృత్తికీ అదే గుర్తు. ఆసు పోసే మనిషికి, కండెలు చుట్టే మనిషికి అలాంటి పేరు లేదు. ఆమె అమ్మ, పెళ్ళాం, కోడలు. కూలి చీరల లెక్కన ఇంటికి వస్తుంది, చేతికి అందేది నేతగాడికి. ఆ కూలిలో ఆసు వాటా ఎంత అని ఎవరూ విడదీసి చెప్పరు. విడదీయని వాటా ఉచితంగా పోయినట్టే. చేనేత చీర ధర ఎక్కువని షాపులో బేరమాడే మనకి, ఆ ధరలో ఒక భుజం అసలు చేరలేదని తెలియదు.

లెక్కలు చూస్తే ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం ఈ రంగంలో ఉన్నవాళ్ళు 35 లక్షల పైచిలుకు. అందులో 72 శాతం ఆడవాళ్ళు. అయినా చేనేత కార్మికుడు అనగానే మన కళ్ళముందు మెదిలేది గుంటమగ్గం మీద వంగిన మగమనిషి. 2019లోనే దేశమంతటా జరిగిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేని ఆ పనులకే పెడుతున్నారని తేలింది. చేస్తామని చెప్పిన మగవాళ్ళ లెక్క 97 నిమిషాలు. ఆసు పోసే నాలుగైదు గంటలు ఈ 299 నిమిషాలకి అదనం. ఇల్లూ కార్ఖానా ఒకే కప్పు కింద ఉన్నప్పుడు పని దిగిపోయే వేళంటూ ఉండదు.

ఇప్పుడు మళ్ళీ సినిమాకి వద్దాం. లక్ష్మి భుజం నొప్పిని ఆ ఇల్లు ఎలా చూస్తుంది? ఒంటి బాధగా, ఇంటి కష్టంగా చూస్తుంది. అదే నొప్పి మిల్లులో పనిచేసే మగవాడికి వస్తే దానికి వృత్తి వల్ల వచ్చిన జబ్బు అని పేరుండేది. యూనియనో చట్టమో దాని గురించి ఏదో ఒకటి మాట్లాడేది. పనికి పేరు లేకపోతే గాయానికీ పేరుండదు. ఆ నొప్పికి జవాబు చెప్పాల్సినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, కొడుకు ప్రేమ ఒక్కటే జవాబైంది.

ఆ కొడుకు కంటికే అది ఎందుకు పడింది? ఇది నాకు సినిమాలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన విషయం. చిన్నపిల్లవాడికి ఇంకా మగవాడి పని అప్పగించలేదు. వాడు అమ్మ పక్కన కూచునే వయసులో ఉన్నాడు. తండ్రి మగ్గం దగ్గర నుంచి చూస్తే ఆసు ఒక సిద్ధమైన సరుకు. అమ్మ పక్కనుంచి చూస్తే అది వేలసార్లు కదిలే చెయ్యి. మనిషి ఎక్కడ కూచున్నాడన్నదాన్ని బట్టి ఏది సమస్యగా కనిపిస్తుందో తేలుతుంది. మల్లేశం గొప్పతనం, నా లెక్కలో, యంత్రం కనిపెట్టడం కంటే ముందే మొదలైంది. పెద్దవాడై మగ్గం వైపుకి మారాక కూడా తను చిన్నప్పుడు కూచున్న చోటుని ఆయన మర్చిపోలేదు.

ఇక అవకాశం.

మాక్స్ వెబర్ ‘జీవితావకాశాలు’ అనే మాట వాడాడు. ఒక మనిషికి మంచి బతుకు, సరుకులు, చదువు, గౌరవం అందే అవకాశం ఎంత అన్నది ఆ మనిషి తెలివినీ కష్టాన్నీ బట్టి మాత్రమే ఉండదు. సమాజంలో ఎక్కడ నిలబడ్డాడన్నదాన్ని బట్టి అది ముందే చాలావరకు తూకం వేసి ఉంటుంది. మల్లేశం విషయంలో ఆ తూకం ఎటు మొగ్గిందో సినిమా బాగానే చూపిస్తుంది. చదువు ఆగిపోవడానికి కారణం తెలివి లేక కాదు, ఇల్లు గడవక. కులం పనులనే కాక పని చేసే మనుషుల్ని కూడా విడివిడి అరల్లో పెడుతుందని అంబేద్కర్ 1936లోనే వివరించాడు. నేత అరలో పుట్టినవాడికి నూలు తెలుస్తుంది. ఆసు యంత్రానికి కావల్సినవి చెక్క, ఇనుము, కరెంటు. ఆ మూడూ వేరే అరల్లో ఉన్నాయి. ఒక్కోటీ అడిగి, చూసి, పాడుచేసి నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంజినీరింగ్ కాలేజీలో ఒక గంటలో చెప్పే సంగతికి ఆయన ఏళ్ళు చెల్లించాడు.

ఇంతవరకూ సినిమా నాతోనే ఉంది. అవకాశం అనే మాటలో ఇంకొక అర దాక్కుని ఉంది. దాన్ని మాత్రం సినిమా తెరవలేదు. అది ఓడిపోయే అవకాశం.

1992 ప్రాంతంలో మొదలైన ప్రయత్నం 1999లో యంత్రమైంది. ఏడేళ్ళు. ఏడేళ్ళు ఒక మనిషి ప్రయోగాలు చేస్తూ ఓడిపోతూ ఉండాలంటే, ఆ ఏడేళ్ళూ ఇల్లు నడవాలి. ఆయన కూలికి పోయాడు, కరెంటు పని చేశాడు, నేశాడు, నిజమే. కానీ చేనేత ఇంట్లో ఆసు లేకుండా పోచంపల్లి చీర లేదు. యంత్రం ఇంకా రాలేదు కాబట్టి ఆసు చేత్తోనే పోయాలి. అంటే, చేతిని విడిపించే యంత్రానికి పెట్టుబడి ఆ చెయ్యే పెట్టింది. సినిమాలో అప్పిచ్చినవాళ్ళు కనిపిస్తారు, వాళ్ళ ఒత్తిడి కనిపిస్తుంది. అప్పు పత్రం లేకుండా, వడ్డీ లేకుండా ఏడేళ్ళు పెట్టుబడి పెట్టినవాళ్ళని మాత్రం ఓర్పుగల తల్లిగా, నమ్మిన భార్యగా చూపించి ఊరుకుంది. పద్మ పాత్రని ఎంత ముచ్చటగా రాసినా, ఆమె చేసే పని ‘తోడుండటం’ అనే మాటలోనే ఇమిడిపోయింది.

వర్జీనియా వుల్ఫ్ 1929లో షేక్‌స్పియర్‌కి అంతే ప్రతిభగల ఒక చెల్లెలు ఉండి ఉంటే ఏమయ్యేదని ఊహించింది. మనం మల్లేశానికి ఒక చెల్లెల్ని ఊహిద్దాం. ఆమెకీ అమ్మ భుజం కనిపించింది. అసలు పదేళ్ళు వచ్చేసరికి ఆమె చేతే ఆసు మీద ఉంటుంది కాబట్టి, నొప్పి చూడటం కాదు, తనకే తెలుసు. మేకుల దూరం, చెయ్యి మలుపు, పోగు బిగువు అన్న కంటే ఆమెకే బాగా తెలుసు. యంత్రం ఆలోచన ఆమెకే ముందు వచ్చిందనుకుందాం. ఇక ఇంట్లో సామాను అమ్మి మోటారు కొంటానంటే? రాత్రి వెల్డింగ్ షాపులో కూచుంటానంటే? హైదరాబాదు వెళ్ళి ఒక గది తీసుకుని పని వెతుక్కుంటానంటే? మల్లేశాన్ని ఊరు పిచ్చోడంది. ఆ మాట చాలా బాధపెట్టేదే, కానీ పిచ్చోడికి మళ్ళీ తెలివైనవాడయ్యే దారి తెరిచే ఉంటుంది. ఆ చెల్లెల్ని ఊరు వేరే మాట అనేది. ఆ మాటకి తిరుగుదారి లేదు.

బాలానగర్ ఘట్టం దగ్గర ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ఎంత ప్రయత్నించినా కుదరని ఒక కదలిక, బాలానగర్‌లో పనికి వెళ్ళినప్పుడు వేరే దేనికోసమో తిరుగుతున్న ఒక యంత్రంలో ఆయన కంటపడింది. సినిమా దీన్ని మెరుపులా చూపిస్తుంది. మెరుపే, కాదనను. కానీ మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త 1973లో చెప్పిన ఒక సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది. మనిషికి కొత్త అవకాశాలు, కొత్త కబుర్లు దగ్గరి చుట్టాల నుంచి కాక, దూరపు పరిచయాల నుంచే ఎక్కువగా వస్తాయి. ఎందుకంటే దగ్గరివాళ్ళకి తెలిసింది మనకీ ముందే తెలుసు. ఆసు పోసే ఆడమనిషికి దగ్గరి బంధాలు బోలెడు. అత్త, తోడికోడలు, పక్కింటావిడ, అందరూ ఆసు పోసేవాళ్ళే. బాలానగర్ కార్ఖానాలో ఒక పూట నిలబడే దూరపు పరిచయం ఆమెకి లేదు. తరతరాలుగా ఆ మేకుల ముందు కూచున్న వేలమంది ఆడవాళ్ళలో ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదని నేను నమ్మను. ఆలోచన వచ్చినా, అది వెళ్ళి నిలబడాల్సిన చోటికి వాళ్ళకి దారి లేదని మాత్రం నమ్ముతాను.

ఇలా అడగడం మల్లేశాన్ని తక్కువ చెయ్యడమా? కాదనే నా ఉద్దేశం. ఆయన తన యంత్రానికి తల్లి పేరు పెట్టుకున్నాడు, లక్ష్మి ఆసు యంత్రం అని. సినిమాకి మాత్రం ఆయన పేరే పెట్టారు. ఆయన చూపు కంటే సినిమా చూపు కొంచెం చిన్నదైంది. అంతకు ఏడాది ముందు, 2018లో, కోయంబత్తూరు మురుగానందం జీవితం ఆధారంగా వచ్చిన ‘ప్యాడ్‌మ్యాన్’దీ ఇదే ఒరవడి. ఆడవాళ్ళ కష్టం చూసిన మగవాడు, నవ్విన ఊరు, తిరిగిన యంత్రం. జీవితకథా చిత్రానికి ఒక్క కథానాయకుడే కావాలి. ఎన్నో చేతులు కలిసి చేసిన పనిని ఒక్క మనిషి పట్టుదలగా మార్చితేగానీ ఆ ఒరవడిలో ఇమడదు. ‘మల్లేశం’ ఆ ఇరుకులోనే ఉండి కూడా ఝాన్సీ చేతికి అన్నేసి నిమిషాలు ఇచ్చిందంటే, అది చిన్న సంగతి కాదు.

యంత్రం తిరిగాక ఏమైంది? సినిమా అక్కడ ఆగుతుంది, ఆగడం న్యాయమే. ప్రేక్షకుడిగా నేను ఆగలేకపోయాను. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతోంది. చీరకి మూడు గంటలు మిగిలాయి. అవి ఎవరివి?

ఈ ప్రశ్న ఊరికే వేస్తున్నది కాదు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో అమెరికా ఇళ్ళ గురించి రాస్తూ, పొయ్యిలు, బట్టలుతికే యంత్రాలు వచ్చాక కూడా తల్లుల పనిగంటలు అనుకున్నంతగా తగ్గలేదని చూపించింది. కట్టెలు కొట్టడం లాంటి మగవాళ్ళ పనులు పోయాయి. ఆడవాళ్ళ పనిలో బరువు తగ్గింది కానీ పని తగ్గలేదు. రోజూ మార్చే బట్టలు పెరిగాయి, వంటలు పెరిగాయి. శ్రమని తగ్గించే యంత్రం సమయాన్ని కూడా ఇస్తుందని హామీ ఏమీ లేదు. ఆ సమయం ఎవరి చేతికి పోవాలో యంత్రం తేల్చదు, ఇల్లు తేలుస్తుంది. మూడు గంటలు మిగిలితే ఇంకో చీరకి ఆసు పోయొచ్చు, కండెలు ఇంకొన్ని చుట్టొచ్చు, వంట తొందరగా ముగించొచ్చు. లేకపోతే కాసేపు నడుం వాల్చొచ్చు. ఈ నాలుగింటిలో ఏది జరిగిందన్నదాన్ని బట్టే విడుదల ఎంత జరిగిందో తెలుస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. యంత్రం వచ్చాక ఆసుకి ధర కట్టడం సాధ్యమైంది. కరెంటు ఇంత, యంత్రం ఖరీదు ఇంత, గంటకి ఇంత. చెయ్యి పోసినన్నాళ్ళు లెక్కకి రానిది, ఇనుము పోస్తే లెక్కకొచ్చింది. పని మొదటినుంచీ అదే. ఆడమనిషి ఒంట్లోంచి బయటికొచ్చి ఒక సామానుగా నిలబడినప్పుడే అది పని అని అందరికీ తెలిసింది. ఇందులో సంతోషమెంతో చేదూ అంతే. భుజాలు నిజంగా తేలికపడ్డాయి, ఏ సిద్ధాంతమూ ఆ సంగతిని తక్కువ చెయ్యకూడదు. యంత్రం ధర మీద మాట్లాడగలిగిన మనం, దానికి ముందు గడిచిన తరాల ధర గురించి మాట్లాడలేకపోయామన్నది కూడా అంతే నిజం.

‘మల్లేశం’ని మళ్ళీ చూసేవాళ్ళకి ఒక చిన్న మనవి. ఈసారి ప్రియదర్శి చెక్కలూ మోటార్లూ ముందేసుకుని కూచున్న ప్రతి దృశ్యంలోనూ, ఆ సమయంలో ఆ ఇంట్లో ఆసు ఎవరు పోస్తూ ఉంటారో ఒక్క క్షణం అడిగి చూడండి. కొన్నిసార్లు ఆమె కెమెరాలో ఉంటుంది. చాలాసార్లు ఉండదు. తెరమీద లేనంత మాత్రాన ఆమె చెయ్యి మాత్రం ఆగి ఉండదు.